బజారుకు దారి

ఉన్న ఊరు విడిచి వచ్చినవానికి మొట్టమొదట ఏం కావాలి?

క్రీ.శ. 622లో ముస్లిములు మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేశారు. మక్కాలో వ్యాపారం చేసిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అంతా వదులుకొని వచ్చారు. దైవప్రవక్త (సఅసం) ఆయన్ను మదీనావాసి హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కు సోదరునిగా చేశారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, బజారుకు దారి మాత్రం అడిగారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి, కొంత పనీరు, నెయ్యి సంపాదించుకునే తిరిగొచ్చారు.

ఆయన ఆత్మాభిమానాన్ని మెచ్చుకొని ప్రసంగం ముగిస్తుంటాం. నేనూ అంతే. కాని సగం ఆస్తి ఇస్తానన్న మనిషి పక్కనుంటే, దారి అడగడానికి మొహమాటం ఎందుకుంటుంది? ఆ ధైర్యం సఅద్ (రజి) ఇచ్చినదే.

చదువు ముగించి తెలియని ఊరికి ఇమామ్‌గా వెళ్ళాను. వారం రోజులు అందరూ సలాం చేశారు, అంతే. ఒక ముసలి దర్జీ మాత్రం, “మౌల్వీ సాబ్, పాలు ఎక్కడ తెచ్చుకుంటున్నారు?” అని అడిగి, కొట్టుదాకా నా వెంట నడిచారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టింది.

ఈ నెల మీ మొహల్లాలో కొత్తగా అద్దెకు దిగినవారెవరు? పాల కొట్టు, పిల్లల మక్తబ్ ఎక్కడున్నాయో వారికెవరైనా చూపించారా?