గతించిన బిడ్డను పిలువవచ్చునా?

బిడ్డను గోల్పోయిన తల్లిదండ్రులు ఆ బిడ్డ పలుకు మరల వినగోరుట దోషమా? దోషమనుటకు మాకు నోరు రాదు. రవీంద్రనాథ ఠాకూరుగారి చిన్న కుమారుడు శమీంద్రుడు 1907లో ముంగేరునందు విషూచి సోకి మరణించెను. వయస్సు ఇంచుమించు 11 ఏండ్లు. 22 ఏండ్లు గడచిన పిమ్మట, 1929లో, ఆ తండ్రి యొక యువతి మూలమున పరలోకగతులను ప్రశ్నించుచు శమీంద్రుని గూడ పిలిచెను. వచ్చిన యుత్తరములు వినికిడి సాక్ష్యముకంటె బలమైనవని న్యాయవాదులమగు మేము చెప్పజాలము. ఆ తండ్రి యాకాంక్ష మాత్రము సత్యము; దానిని పరిహసించువాడు బిడ్డను పోగొట్టుకొననివాడై యుండవలెను.

అయితే, పిలుచుట యెవరి మేలుకొరకు? బిడ్డకొరకా, మనకొరకా? కుమార్తె మీరాదేవికి పుత్రవియోగము కలుగగా 1932లో ఆయన వ్రాసిన లేఖను చదువరులు చూడదగును. పిలిచి చూచినవాడు వ్రాసినది గనుక దానికి బరువెక్కువ. శమీంద్రుడు పోయిన రాత్రి, తన శోకము వాని ప్రయాణమును కొంచెమైనను వెనుకకు లాగకుండుగాక యని కోరుకొంటిననియు, మరునాటి రాత్రి రైలులో వచ్చుచుండగా ఆకాశమంతయు వెన్నెలతో నిండియుండెననియు, ఎచ్చటను ఏమియు తరిగిన జాడ గానరాలేదనియు, తాను చేయవలసిన పని యింకను మిగిలియుండెననియు అందు వ్రాసెను.