తిరిగి కట్టిన ఇంజను



మన సంఘములలో వర్క్‌షాపులలో పనిచేయువారు, లారీలు నడుపువారు కొందరు కలరు గనుక ఈ సంగతి వారికి సులభముగా బోధపడును.

అమెరికా దేశమందు 1964 మోడలుగా పాంటియాక్ జీటీఓ అను కారు వచ్చెను. 389 ఘనపు అంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను దానిది. అట్టి కార్లను అక్కడివారు మజిల్ కార్లు అందురు. ఇప్పటికిని వాటిని ప్రేమించువారు పాత ఇంజనును పూర్తిగా విప్పి, బోరు చేయించి, క్రొత్త పిస్టన్లు, క్రొత్త క్యామ్‌షాఫ్టు వేసి తిరిగి కట్టుదురు.

అయితే కట్టుట ముగిసినంత మాత్రమున అపాయము తీరదు. మొదటి అరగంటయే గండము. ఆ ఇంజనులో క్యామ్‌కును ట్యాపెట్లకును ఆయిల్ ముఖ్యముగా క్రాంకుషాఫ్టు తిరుగుచు చిమ్ముటవలన అందును. ఐడ్లింగ్‌లో వదిలినయెడల చాలినంత చిమ్మదు. కనుక తెలిసిన మెకానిక్ స్టార్టు చేయకముందే ఆయిల్ పంపును త్రిప్పి లోపలంతయు ఆయిల్ ఎక్కించును. స్టార్టయిన వెంటనే నిమిషమునకు సుమారు 2,000 చుట్లు తిరుగునట్లు ఇరవై నిమిషములైనను పట్టియుంచును. ఊరకే వదిలిన క్రొత్త క్యామ్ ఆ కొద్దిసేపటిలోనే అరిగిపోవచ్చును. ఆ ఇనుపరజను ఆయిల్‌లో కలిసినయెడల ఇంజను మరల విప్పవలసినదే.

మన మధ్య త్రాగుడు విడిచి బాప్తిస్మము పొందినవానిని మనమేమి చేయుచున్నాము? చేయి కలిపి, వెనుక బల్లమీద కూర్చుండబెట్టి, ఎన్నాళ్లు నిలుచునో చూతమందుము. ఇది ఐడ్లింగ్ కాదా? జీతపు దినమున పాత స్నేహితులు గేటువద్దనే వానికొరకు కాచుకొని యుందురు. సంఘమో ఆదివారము వరకు ఆగును! పరస్థలమున, బంధువులు దూరముగానున్న చోట, ఆ ఆరు దినములలోనే మనుష్యుడు మనకు లేకుండ పోవుచున్నాడు.

తరువాత ట్యూనింగ్. మొదట టైమింగ్, పిమ్మట కార్బురేటరు. ఈ వరుస తప్పినయెడల చేసిన పనియే మరల చేయవలెను. కేవలము చెవిని నమ్మక టైమింగ్ లైటు వేసి గుర్తు చూడవలెను. స్పార్కు మిక్కిలి ముందుగా పడినయెడల బరువు లాగునప్పుడు ఇంజను కొట్టుకొని పిస్టన్లు చెడును. క్రొత్తవానిని రెండవ వారమే పులపీఠమెక్కించి సాక్ష్యము చెప్పించువారు దీనిని ఆలోచించవలెనని కోరుచున్నాము. క్రొత్తగా చేరినవానికి అధ్యక్షపదవి తగదని పౌలు తిమోతికి ఊరకే వ్రాయలేదు. చాపలు పరచుట, రోగులను చూడబోవువారితో కూడ వెళ్లుట వంటి పని మొదటి వారమే ఇయ్యవచ్చును.

మొదటి పరుగు తరువాత ఆ ఆయిల్ తీసివేసి, ఫిల్టరును కోసి ఇనుపతునకలున్నవేమో చూతురు. అది తప్పుపట్టుటకు కాదు.

సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులందరు భయపడిరి. బర్నబాయే అతనిని చేరదీసెను. తరువాత అతని వెదకుటకు తార్సు వరకు తానే వెళ్లి, అంతియొకయకు తోడుకొనివచ్చి, ఒక సంవత్సరమంతయు అతనితో కలిసి ఆ సంఘములో పనిచేసెను.