కట్టు - వంపు - నమస్కారము



ఇంగ్లీషున ‘బెండ్’ అను మాట బడిపిల్లలకు సైతము తెలియును. వంగుట, వంచుట అని దానికి మనము అర్థము చెప్పుదుము. కాని ప్రాచీనాంగ్లమున ఆ పదమునకు కట్టుట, బిగించుట యని అర్థము. వింటి కొనలకు నారి బిగించుటను ఆ మాటతో చెప్పెడివారు. నారి బిగించినంతనే విల్లు వంగును గదా! అందుచేత కట్టుటను తెలిపిన మాట క్రమముగా వంచుటను తెలుపసాగినది.

సంస్కృతమందలి ‘బంధ్’ ధాతువు దీనికి తోబుట్టువు. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి వెలువడినవని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగించెను. ఇంగ్లీషును ఆ కుటుంబములోనిదే యని భాషావేత్తలు నిరూపించిరి. మన బంధము, బంధువు అను మాటలును, వారి బెండ్, బైండ్ అను మాటలును ఒకే తల్లి బిడ్డలు.

ఇందు సాధకునకు ఒక పాఠము కలదు. ‘నమః’ అను పదమునందలి ‘నమ్’ ధాతువునకు వంగుట యని అర్థము. స్వామి సన్నిధిని మనము నిత్యము వంగుచున్నాము. అధికారి యెదుటను, అప్పిచ్చినవాని యెదుటను గూడ వంగుచున్నాము. వేటగాని విల్లును వంగును. అది ప్రాణము తీయుటకు! కావున వంగినదెల్ల వినయమనరాదు. మనలను వంచిన నారి యేది యని చూడవలెను. భయము వంచినచో అది లొంగుబాటు. ఆశ వంచినచో అది బేరము. ప్రేమబంధము వంచినప్పుడే అది నమస్కారము.

ఆ బంధమునకు స్వామియు లోబడును. భాగవత దశమస్కంధమున యశోద బాలకృష్ణుని రోటికి కట్టబోగా, ఎన్ని త్రాళ్లు ముడివేసినను రెండంగుళములు తక్కువయ్యెను. తుదకు తల్లి అలసట చూచి ఆయనయే కట్టువడెను. దామోదర నామము ఆ కట్టునకు గురుతు.

నడుము వంగని వృద్ధులు, మోకాళ్ల నొప్పిచే సాష్టాంగపడలేనివారు ఆలయమున చిన్నబుచ్చుకొనుట చూచుచుందుము. వారు చింతింప బనిలేదు. ఆ మాటలోవలెనే భక్తియందును ముందుగా కట్టు, పిదప వంపు. మనసు కట్టువడియున్నచో నిలుచుండి చేతులు మోడ్చినను స్వామి స్వీకరించును. వంగగలిగిన మనము మాత్రము శిరసు వంచునపుడెల్ల, నన్నిచటికి తెచ్చిన త్రాడేదియని ఒక్క క్షణము ప్రశ్నించుకొందము గాక!