తిన్న ఆకు, వాలిన పువ్వు

రాజమండ్రిలో ఒక మేడ మీద ఎదురెదురుగా రెండు వాటాలు. ఒకదాంట్లో ఉన్నావిడకి సీతాకోకచిలుకలంటే మహా ముచ్చట. కొడుక్కి చూపించాలని కడియం నర్సరీల నుంచి నూరువరహాలు, బంతి, మందారం తెప్పించి వసారా నింపేసింది. నిమ్మ మొక్క కూడా పెట్టింది కానీ, దాని ఆకుల మీద పురుగు కనబడిన రోజునే మందు కొట్టించేసింది.

ఎదురు వాటాలో బామ్మా మనవరాలూ. వాళ్ళకున్న తోటల్లా అంచు పగిలిన సిమెంటు తొట్టిలో ఒక కరివేపాకు మొక్క.

ఒకరోజు ఆ ఆకు మీద పిట్ట రెట్ట కనబడింది. పిల్ల తుడవబోతే అది కదిలింది.

“ఉండవే, అది పురుగు. పిట్టలు తినకుండా ఆ వేషం వేసుకుంది,” అంది బామ్మ.

నాలుగోసారి కుబుసం విడిచేసరికి దాని రెట్ట రంగు పోయి ఆకుపచ్చగా తేలింది. పిల్ల ఊరుకోక పుల్లతో పొడిచింది. తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు చటుక్కున లేచాయి, గుప్పున ఘాటు వాసన! పిల్ల ముక్కు మూసుకుని వెనక్కి దూకింది. మళ్ళీ దగ్గరికొచ్చి మళ్ళీ పొడిచింది.

“చాల్లే, దాన్ని తిననీ,” అని కసిరింది బామ్మ.

తిననే తింది. చివరికి ఈనెలు మిగిలాయి. చారు పోపులోకి కూరల బండబ్బాయి కొసరిచ్చే కరివేపాకే గతైంది. దాన్ని పురుగుకీ పెడతానంది పిల్ల. బామ్మ ఒప్పుకోలేదు. “ఎక్కడ మందు కొట్టిన ఆకో! మనమైతే కడుక్కుని తింటాం, అది కడుక్కోగలదా?”

ఒకనాడు అది మేత మానేసి, నడుముకి సన్నటి పట్టుదారం కట్టుకుని కాడకి అంటుకుపోయింది. మర్నాటికి ప్యూపా అయింది. రోజులు గడిచాయి. పెంకు పల్చబడి లోపలి రెక్కల రంగు కనబడిన మర్నాడు పొద్దున్నే బయటపడింది. రెక్కలు ఉతికి పిండిన గుడ్డల్లా ముడతలు పడి ఉన్నాయి. ఒంట్లో ద్రవం వాటిలోకి ఎక్కి, విచ్చుకుని, ఆరేసరికి బాగా పొద్దెక్కింది. అప్పుడు ఎగిరి నేరుగా ఎదురింటి నూరువరహాల మీద వాలింది.

“అమ్మా, మన సీతాకోకచిలుక!” అని అరిచాడు పిల్లాడు.

ఆవిడ మురిసిపోతూ ఫొటోలు తీసి, ఇటు తిరిగి, “పిన్నిగారూ, మీ కరివేపాకు మోడైపోయిందే! మా దగ్గర మందు మిగిలి ఉంది, ఇవ్వనా?” అంది.

“వద్దమ్మా. మీ పువ్వు మీద వాలింది చూశావూ, అది ఇక్కడే తిని వచ్చింది.”

నీతి: రెక్కలు చూడాలనుకునే ఇంట్లో పురుగుకి తినడానికి ఆకు ఉండాలి.

ఆ పూలావిడ చెడ్డదేం కాదు. తేనె దొరక్కపోతే ఆ ఎగిరింది ఎలా బతుకుతుంది? తను మందు కొట్టించిందీ, ఫొటో తీసిందీ ఒకే ప్రాణిని అని ఆవిడకి తెలియదు, అంతే. పిల్లల్ని పెంచడంలో మనలో చాలామందిమి ఆ వాటావాళ్ళమే. బొమ్మల పోటీలో బహుమతి రావాలి, గోడ మీద మాత్రం గీత పడకూడదు.

మీ ఇంట్లో పిల్లలతో సీతాకోకచిలుకల్ని పెంచాలనుంటే కరివేపాకో నిమ్మో ఒక మొక్కని వాటికి వదిలేయండి. రెక్కలు ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. బజారు కరివేపాకు మాత్రం పెట్టకండి. అది బాగా కడిగి మీ పోపులో వేసుకోండి.