బ్రెగ్జిట్: ప్రజలు ఏమన్నట్టు?

2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్లకు ఇచ్చిన బ్యాలెట్‌లో ప్రశ్న ఒక్కటే: యూరోపియన్ యూనియన్‌లో కొనసాగాలా, బయటికి రావాలా? నమోదైన ఓటర్లలో 72.2 శాతం మంది ఓటేశారు. 1,74,10,742 మంది బయటికి రావాలన్నారు, 1,61,41,241 మంది ఉండిపోవాలన్నారు. శాతాల్లో చెబితే 51.9, 48.1. లెక్క తేలింది గానీ, దాని అర్థం తేలడానికి మూడున్నరేళ్లు పట్టింది. ఈలోగా డేవిడ్ కామెరాన్, థెరిసా మే ఒకరి తర్వాత ఒకరు ప్రధాని పదవి వదులుకున్నారు. రెండు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. సుప్రీంకోర్టు రెండుసార్లు ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ప్రజాస్వామ్యంలో తుదిమాట ప్రజలదే అంటారు. అది నిజం కావాలంటే ప్రజలంటే ఎవరో, వారిని అడిగిందేమిటో, వారి జవాబుకు అర్థం చెప్పేదెవరో ముందు తేలాలి.

మొదటిది ఓటర్ల జాబితాతోనే మొదలవుతుంది. 2014లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై జరిగిన రెఫరెండంలో 16 ఏళ్లవారికీ ఓటు ఇచ్చారు. 2016లో 18 నిండినవారికే ఇచ్చారు. బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్వెల్త్ పౌరులకు ఓటుంది కాబట్టి అక్కడి తెలుగువారు భారత పౌరసత్వంతోనే ఈ నిర్ణయంలో పాల్గొనగలిగారు. ఏళ్ల తరబడి అక్కడే స్థిరపడిన పోలండ్, ఫ్రాన్స్ పౌరులకు ఆ అవకాశం లేదు. విదేశాల్లో 15 ఏళ్లకు మించి ఉంటున్న బ్రిటిష్ పౌరులకూ అప్పట్లో లేదు. ఇందులో మోసమేమీ లేదు. పార్లమెంటు ఎన్నికల నిబంధనలనే చట్టం చాలావరకు ఇక్కడా వర్తింపజేసింది. అయితే ప్రజలు తీర్పు చెప్పడానికి ముందే ప్రజలెవరో మరొకరు తీర్పు చెప్పక తప్పదని దీనివల్ల తెలుస్తుంది. ఇంగ్లండ్, వేల్స్ బయటికి రావాలన్నాయి. స్కాట్లాండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లాండ్‌లో 55.8 శాతం ఉండాలన్నారు. అందరినీ ఒకే ప్రజగా లెక్కించాలన్నది కూడా చట్టం చేసిన ఎంపికే.

రెండోది ప్రశ్న స్వభావం. ఉండిపోవడమంటే అప్పటికే అనుభవంలో ఉన్న ఏర్పాటు. బయటికి రావడమంటే ఒకటి కాదు. నార్వేలాగా ఏకీకృత మార్కెట్‌లో ఉండవచ్చు, కస్టమ్స్ యూనియన్‌కే పరిమితం కావచ్చు, ఏ ఒప్పందమూ లేకుండా తెగదెంపులు చేసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడదామనే మాటపై కలిసిన అన్నదమ్ములు, పొలం పంచుకునే దగ్గర కలవకపోవచ్చు. థెరిసా మే యూనియన్‌తో కుదుర్చుకున్న ఒప్పందాన్ని 2019 జనవరి 15న పార్లమెంటు దిగువసభ కామన్స్ 432–202 ఓట్లతో తోసిపుచ్చింది. మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలపై వేర్వేరుగా ఓటింగ్ పెడితే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఫ్రెంచ్ గణితవేత్త కొండోర్సే 1785లోనే ఇలాంటి చిక్కును చూపాడు: మూడు మార్గాలుంటే మెజారిటీ మొదటిదాన్ని రెండోదానికన్నా, రెండోదాన్ని మూడోదానికన్నా, మళ్లీ మూడోదాన్ని మొదటిదానికన్నా మెచ్చవచ్చు. అప్పుడు ప్రజాభీష్టం అనదగ్గ ఒకే క్రమం దొరకదు. దేన్ని దేనితో పోటీకి పెట్టారన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది.

మూడోది అధికారానికి సంబంధించినది. చట్టం దృష్టిలో ఆ రెఫరెండం సలహా మాత్రమే. కానీ ప్రజలు ఏది నిర్ణయిస్తే అది అమలుచేస్తామని ప్రభుత్వం ఇంటింటికీ పంపిన కరపత్రంలో మాట ఇచ్చింది. ప్రతినిధి తన ఓటర్లకు శ్రమతోపాటు స్వతంత్ర వివేచన కూడా బాకీ ఉంటాడని రాజకీయ చింతకుడు ఎడ్మండ్ బర్క్ 1774లో బ్రిస్టల్ ఓటర్లకు చెప్పాడు. ఇంగ్లిషువారు ఎన్నికల రోజున మాత్రమే స్వతంత్రులని తత్వవేత్త రూసో ఎద్దేవా చేశాడు. 2016 తర్వాత ఎంపీలు ఈ రెండు వాదాల మధ్య ఇరుక్కున్నారు. వారిలో ఎక్కువమంది ఉండిపోవాలని కోరుకున్నవారే. పార్లమెంటు చట్టం చేయనిదే వైదొలిగే నోటీసు ఇవ్వడానికి వీల్లేదని 2017 జనవరిలో సుప్రీంకోర్టు 8–3 మెజారిటీతో చెప్పింది. పార్లమెంటు ఆ చట్టం చేసింది. అంటే సలహా చట్టరీత్యా సలహాగానే ఉంటూ రాజకీయంగా ఆజ్ఞ అయింది.

ఇంత పెద్ద నిర్ణయానికి సాధారణ మెజారిటీ సరిపోతుందా అన్నది వీటికి అనుబంధంగా వచ్చే చర్చ. బయటికి రావాలన్నవారు మొత్తం ఓటర్లలో దాదాపు 37 శాతమే. 1979లో స్కాట్లాండ్ శాసనసభ ప్రతిపాదనకు పోలైన ఓట్లలో 51.6 శాతం వచ్చినా, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న నిబంధన వల్ల అది వీగిపోయింది. అయితే ఇలాంటి షరతు పెడితే లాభపడేది యథాతథ స్థితే. 1973లో బ్రిటన్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరినప్పుడు ప్రజలను అడగనేలేదు. 1975లో అడిగితే 67.2 శాతం ఉందామన్నారు, అప్పుడూ సాధారణ మెజారిటీ నియమమే. చేరడానికి లేని షరతు వెళ్లడానికి మాత్రం ఎందుకన్న ప్రశ్నను కొట్టిపారేయలేం. 1975 తీర్పును 2016లో మార్చుకోవచ్చు కాబట్టి 2016 తీర్పునూ మార్చుకోవచ్చన్న వాదనా అంతే బలమైనది. కానీ ఒక తీర్పును అమలు చేయకముందే మళ్లీ అడిగితే, గెలిచినవారికి ఓటుపైనే నమ్మకం పోతుంది.

చివరికి చిక్కు విడిపోయింది మరో రెఫరెండంతో కాదు. 2019 డిసెంబరు ఎన్నికల్లో బోరిస్ జాన్సన్ నాయకత్వంలోని కన్జర్వేటివ్ పార్టీ 43.6 శాతం ఓట్లతో 650లో 365 సీట్లు గెలిచింది. 2020 జనవరి 31న బ్రిటన్ యూనియన్ నుంచి వైదొలిగింది. వెళ్లాలన్నది రెఫరెండం చెప్పింది. ఎలా వెళ్లాలో పార్లమెంటు సీట్ల లెక్క చెప్పింది.

అదే దేశంలో ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉంది. 1998లో గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం పాఠాన్ని ఉత్తర ఐర్లాండ్‌లో ఇంటింటికీ పంపి, ఆ తర్వాతే ఓటు అడిగారు. 71.1 శాతం అవునన్నారు. దేనికి ఒప్పుకున్నామో వారి చేతిలోనే ఉంది. 2016లో ముందు ఓటు, తర్వాత ఒప్పందం. ప్రజలకు జవాబు చెప్పే అధికారం దక్కింది, ఆ జవాబుకు అర్థం చెప్పే అధికారం మాత్రం పార్టీలకూ మంత్రులకూ వెళ్లింది. రెఫరెండం ప్రజాస్వామ్యానికి మేలా కీడా అన్న చర్చకన్నా, ఓటుకు ముందు ఏం సిద్ధంగా ఉండాలన్న చర్చే ఎక్కువ ప్రయోజనకరం.