తెలిసినవాని బేరము

అమ్మువాడు మోసగించిన కథలు మన యిండ్లలో కొల్లలు. నేతిలో కల్తీ, తూకములో తరుగు, ఉతికిన పిదప వెలిసిపోయిన చీర రంగు: వీనిని చెప్పుకొనని గృహిణి లేదు. కొనువాడు మోసగించిన కథ మాత్రము కథగానే వినబడదు. తక్కువ వెలకు గొప్ప వస్తువు తెచ్చినవానిని గడసరియని మెచ్చుకొందుము. ఆ తక్కువ యెవరి యింటిలో తగ్గినదో అడుగము. అమ్మువానికి తెలియని విలువ కొనువానికి తెలిసియున్నచో, అతడు దానిని చెప్పవలెనా, మిన్నకుండవచ్చునా?

పాత సైకిలు భాగములు కొనువారికి ఈ ప్రశ్న తరచుగా ఎదురగును. మన పట్టణములలో ఒకప్పుడు గంటకింతయని సైకిళ్ళు అద్దెకిచ్చు దుకాణములు పేటకొకటి యుండెడివి. మోటారు సైకిళ్ళు పెరిగినకొలది అవి మూతపడినవి. యజమాని పోయిన పిదప అటకమీద మిగులునవి తోలు సీట్లు, బెల్లులు, చైను కేసులు, ఎన్నడో ఇంగ్లండునుండి వచ్చిన ఒకటి రెండు హబ్బులు. కుమారుని కంటికవి తుక్కు. కిలోకింతయని తూచి యిచ్చివేయును. పాత సైకిళ్ళను పూర్వరూపమునకు తెచ్చుకొను వేడుకగలవారికి, బెంగుళూరులోనైనను లండనులోనైనను, అవే అపురూపములు. నాటింగుహామునందు స్టర్మీ-ఆర్చర్ వారి మూడు వేగముల హబ్బుల తయారీ 2000 సంవత్సరములో ఆగి, సంస్థ తైవాను దేశపు సన్ రేస్ వారి చేతికి పోయినది. ఇక నాటి నాటింగుహాము సరకు కావలసినవాడు ఎవరి అటకనో, ఏ సంతనో ఆశ్రయింపవలసినదే.

దానిని పోల్చుటకు తెలివి కావలెను. హబ్బు డొల్లపై తయారైన సంవత్సరపు అంకెలు ముద్రింపబడియుండును. జిడ్డు తుడిచి చూడనివానికి అవి కానరావు. రాలీ సైకిళ్ళు పెక్కింటిలో పెడళ్ళ ఇరుసు కూర్చుండు గూటి మర అంగుళమునకు 26 చుట్లు, తక్కిన ఇంగ్లీషు సైకిళ్ళలో సాధారణముగా 24. చూపునకు రెండును ఒక్కటే, బిగింపబోయినప్పుడు గాని భేదము తెలియదు. బ్రూక్స్ వారి తోలు సీటునకు రివిట్ల చుట్టును చీలిక యున్నచో అది గోడకు తగిలించుకొనుటకే పనికివచ్చును. లేనిచో ఏండ్ల తరబడి మూల పడియున్నదియైనను కొద్దిగా మైనము పట్టించి మరల ఎక్కవచ్చును. ఈ తెలివి సంపాదించుటకు కాలము పట్టును, డబ్బును పోవును. "నా కష్టార్జితమైన జ్ఞానమును ఊరక ఏల పంచవలెను?" అని కొనువాడడిగినచో ఆ మాటలో కొంత న్యాయము కలదు.

చట్టము అతని పక్షముననే యున్నది. 1872 నాటి భారతీయ ఒప్పందముల చట్టము, 17వ సెక్షనులో, ఊరకుండుట మాత్రమే మోసము కాదని చెప్పుచు ఒక ఉదాహరణమిచ్చినది: ఇద్దరు వర్తకులలో ఒకనికి ధరల మార్పు రహస్యముగా తెలిసినను రెండవవానికి చెప్పవలసిన పని లేదు. అయితే ఆ ఉదాహరణములోనివారు ఇద్దరును వర్తకులని గమనింపవలెను. తండ్రి అటక దులుపుచున్న కుమారుడు ఈ సరకులో వర్తకుడు కాడు.

ఈ తగవు రోమునగరములో రెండువేల యేండ్ల క్రిందటనే నడచినది. సిసెరో తన ధర్మవిచార గ్రంథములో, కరవుతో నున్న రోడ్సు ద్వీపమునకు ధాన్యము తెచ్చిన వర్తకుని కథ ఎత్తికొనెను. వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని అతడు చెప్పవలెనా యని స్తోయిక గురువులు వాదించుకొనిరి. డయోజెనీసు అక్కరలేదనెను, ఆంటిపేటరు చెప్పితీరవలెననెను. మనకు మరింత దగ్గరిది అచటనే యున్న స్కేవోలా వృత్తాంతము. అతడొక పొలము కొనబోయి, అమ్మువాడు చెప్పిన వెల విని, తన మదింపు అంతకంటె ఎక్కువయని పలికి, లక్ష నాణెములు అదనముగా నిచ్చెను. మంచివాడేగాని తెలివిగలవాడు కాడని లోకులనుకొందురని సిసెరో వ్రాసెను. ఆ లోకులు మన పేటలోను ఉన్నారు. మన తులాధారుడును వర్తకుడే. తన తక్కెడ సర్వభూతములయెడ సమమని జాజలికి చెప్పినవాడు. ఆ తక్కెడ అమ్మువాని చేతిలో నుండవలెనని మాత్రమే మనము చదువుకొంటిమి, కొనువాని చేతికి ఎన్నడును ఇయ్యలేదు.

నా మతము స్కేవోలా అంత దూరము పోదు. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో గోనె పఱచుకొన్న వ్యాపారి కుప్పగా కొని విడిగా అమ్మువాడు. ఒకదానిలో పోయినది మరొకదానిలో రాబట్టుకొనుట అతని వృత్తి. అతడడిగిన వెల ఇచ్చి మాటలాడక రావచ్చును. ఐనను చేతిలోని హబ్బు విలువ తెలిసియుండియు "తుప్పుముక్క, ఎవరికి కావలెను?" అని పెదవి విరిచినచో అది మౌనము కాదు, అబద్ధము. బేరములో ఇట్టి అబద్ధమును మనము అబద్ధముగా లెక్కింపకుండుట నాకు ఆశ్చర్యము. చీలికను తానే చూపి, మర కొలిచి చెప్పి, ఎక్కువ వెల అడుగు చిన్న వ్యాపారియు కలడు. పెద్ద కొట్టులో చీటీమీది ధరకు మారుమాటాడనివారు ఇతనితో పది రూపాయలకు గంటసేపు పెనగులాడుదురు. అది వేరు వ్యాసము.

దుకాణము మూసికొన్న యింటివారి సంగతి వేరు. అచట చెప్పకుండుట తగదు. "ఇది నగరములో ఇంతకు పోవును, వెదకి, శుభ్రపరచి, కొనువానిని చూచుకొను శ్రమ నాది కనుక నేనింత ఇత్తును" అని లెక్క విప్పిచెప్పవచ్చును. శ్రమకు కూలి తీసికొనుటలో తప్పు లేదు. ఆ కూలి ఎంతయో రెండవవానికి తెలియవలెను, అంతియే. ఇట్లు చెప్పినచో వెదకువాడే ఉండడనియు, సరకంతయు కొలిమి పాలగుననియు కొందరందురు. ఈ ఆక్షేపణ తేలికది కాదు. కిలోల లెక్కన పోవలసిన సీటును వెదకువాడే కాపాడినాడన్నది నిజము. కాని విప్పిచెప్పిన లెక్కలో అతనికి రావలసిన లాభము అతనికి వచ్చుచునే యున్నది. పోయినది అవతలివాని అజ్ఞానముపై వచ్చెడి భాగము మాత్రమే.

అసలు భయము వేరొకటి. విలువ తెలిసిన పిదప ఇంటివాడు అమ్మననవచ్చును. తండ్రి చేతిలో తిరిగిన వస్తువని ఆ హబ్బును గుడ్డలో చుట్టి మరల అటకెక్కింపవచ్చును. అట్లు చేయుటకు అతనికి హక్కు కలదు. కొనవచ్చినవాడు బస్సు చార్జీ పోగొట్టుకొని, వట్టిచేతులతో ఇల్లు చేరవలసియుండును.