నొప్పిని ఓర్చుకొనుటయే భక్తియా?



దేవుడు రానిచ్చిన నొప్పిని మందుతో తీయించుకొనుట అవిశ్వాసము కాదా అని మన సంఘములలో కొందరు అడుగుచుందురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1847లో స్కాట్లాండు వైద్యుడు సింప్సను ప్రసవవేదనకు క్లోరోఫారము ఇచ్చినప్పుడు ఆక్షేపణలు వచ్చెను. అతడు ఆదికాండము 2:21 చూపెను. ఆదాము ప్రక్కటెముక తీయక మునుపు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెను గదా! ఆ మందు ఎంతవరకు క్షేమమో పరీక్షించుటకు 1888, 1889లలో నిజాము ధనముతో రెండు కమిషనులు కూర్చుండినది మన హైదరాబాదులోనే.

నేడు అదే నగరమున హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతపు ఆసుపత్రులలో రోగిని నిద్రపుచ్చకయే, స్కానింగు తెరపై నరమును చూచుచు దాని చెంత సూదిమందు ఇచ్చి, కాలో చెయ్యో మాత్రమే మొద్దుబార్చుచున్నారు. రోగి మేలుకొని ప్రార్థించుకొనవచ్చును. గాయము మానినను నొప్పి మానని వారికిని ఇట్టి సూదులు ఇత్తురు. కొందరికి మేలగును, అందరికి కాదు.

యేసు సిలువయొద్ద బోళము కలిపిన ద్రాక్షారసము పుచ్చుకొనలేదని (మార్కు 15:23) ఎత్తి చూపువారు కలరు. నిజమే. అయితే ఆయన వద్దన్నది తన కొరకు. ఏ రోగితోనైన "ఓర్చుకొనుము" అని చెప్పి పంపివేసెనా?

ఆ అద్దాల మేడల వైద్యము ఖరీదు మనవారికి అందదు, అది వేరొక దుఃఖము. అయితే క్యాన్సరు ముదిరి మూలుగువారి కొరకు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగము కలదు. అక్కడ మార్ఫిన్ ఇత్తురు. 2014లో చట్టము సవరింపబడి, ఆసుపత్రులు ఆ మందు ఉంచుకొనుట సులువైనది. "అలవాటు పడిపోవును" అని ఇంటివారు మాత్రలు దాచివేయకూడదు. వైద్యుడు వ్రాసిన లెక్క చొప్పున, వేళ తప్పక, నొప్పి మరల లేవకమునుపే ఇయ్యవలెను.